మొరవలో ఇసుక బస్తాలు

పుంగనూరు దాటి మా మిలిటరీ లారీ మట్టిరోడ్డు ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. తొంభైల చివర, కార్తీక మాసం. అయిదు రోజులుగా ముసురు. బెంగళూరు నుంచి కోలారు, పలమనేరు మీదుగా వచ్చాం. బండిలో పదకొండు మందిమి. పారలు, పిక్కులు, గడ్డపారలు, రెండు టార్పాలిన్లు, ఒక వైర్‌లెస్ సెట్టు, కట్టలు కట్టిన ఖాళీ గోనెసంచులు. ఉత్తర్వు రెండే ముక్కలు: చెరువు కట్టను కాపాడాలి, అవసరమైతే కట్ట కింద ఊరిని ఖాళీ చేయించాలి. కంపెనీ ఆఫీసు కుప్పంలో పెట్టారు. ఇంకో సెక్షన్ రామకుప్పం వైపు వెళ్లింది.

అప్పటికి నేను నాయక్‌ని. పదకొండు మందిలో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. మాది బి.కొత్తకోట. ఆ కట్ట మీద నిలబడితే దూరంగా తారురోడ్డు, దాని మీద మదనపల్లె బస్సులు కనిపించేవి. ఒకటి ఎక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. నేనింత దగ్గర్లో ఉన్నానని నా భార్యకు తెలియదు. పోవడానికి సెలవు లేదు. కాశ్మీరులో ఉన్నప్పుడు కూడా ఇల్లు అంత దూరమనిపించలేదు.

మా కెప్టెన్ పంజాబీ. చిన్నవాడు, మంచివాడు. బండి దిగకముందే పాఠం చెప్పాడు. "జనం బెదిరిపోయి ఉంటారు. తొక్కిసలాట జరుగుతుంది. ఖాళీ ఇళ్లలో దొంగలు పడతారు. తాళ్లు కట్టండి, ఈలలు దగ్గర పెట్టుకోండి."

ఈలలు మెళ్లో వేసుకుని కట్ట ఎక్కాం. ఊరంతా అక్కడే ఉంది. కొత్త చీరలు, పసుపు, టెంకాయలు, పలక డప్పుల మోత, ఒక మేక. పదకొండేళ్ల తర్వాత చెరువు నిండి మొరవ పోతోంది. మొరవంటే, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి కట్ట చివర కట్టే రాతి గట్టు. అక్కడ గంగమ్మకు చీర పెట్టి మొక్కుతున్నారు. బెదిరినవాడు ఒక్కడూ లేడు. తొక్కిసలాట సాయంత్రం జరిగింది, మేక కూర దగ్గర. అందులో మావాళ్లూ ఉన్నారు.

వైర్‌లెస్ ఆపరేటర్ బీహారువాడు, ఏటా వరద వచ్చే నది ఒడ్డున పుట్టినవాడు. నోరు తెరుచుకుని చూశాడు. "మా అమ్మ వానలు మొదలు కాకముందే మట్టి పొయ్యిని అటక మీదికి ఎక్కిస్తుంది. నీళ్ల చప్పుడు మారితే మేకల్ని తోలుకుని గట్టెక్కుతాం. వీళ్లేంటి, బొట్టు పెడుతున్నారు?"

డ్రైవర్ రాజస్థాన్‌వాడు. బీడీ ముట్టించుకుంటూ అన్నాడు. "మా ఇంట్లో బట్టలపెట్టెకు తాళం లేదు. నీళ్ల తొట్టికి ఉంది. వీళ్లు చేసేది నాకు అర్థమవుతోంది."

నాకు ఇద్దరి మాటా అర్థమైంది. అదే నా తంటా. ఊరివాళ్లకు నేను మిలిటరీవాణ్ని, మిలిటరీకి నేను ఊరివాణ్ని. అన్నం పళ్లెం పట్టుకుని ఎవరి పక్కన కూచోవాలో తెలియక నిలబడే తినేవాణ్ని.

ఊరి పెద్ద పేరు రెడ్డెప్ప. తలకు తువ్వాలు, భుజాన గొంగడి. మొదటి రోజే నన్ను నిలదీశాడు.

"ఏమప్పా, మిలిటరీ యాల వచ్చింది? యుద్ధమేమన్నా ఉండాదా?"

"కట్ట తెగుతుందేమోనని రెడ్డెప్పన్నా."

"మొరవ పోతాండాది గదా. నీళ్లకు దోవ దొరికినాక కట్టకేమైతాది? మా తాతల నాటి కట్ట ఇది. అది సరేగానీ, మీకు రమ్ము ఇస్తారంట గదా, ఒక సీసా ఇప్పించు."

కట్ట ఎప్పుడూ పైనుంచే తెగుతుందని ఆయన నమ్మకం. ఊరందరి నమ్మకమూ అదే. పదకొండేళ్లు ఎండిన కట్టలో పగుళ్లుంటాయి, ఎలుక బొక్కలుంటాయి, పొలాలకు నీళ్లు వదిలే తూము చుట్టూ మట్టి గుల్లబారి ఉంటుంది, తెగితే అడుగునుంచే తెగుతుందని చెప్పాను. విన్నాడు. తల ఊపాడు. మళ్లీ రమ్ము సంగతి అడిగాడు.

ఊళ్లో ఒక్క దేవదానమే సర్దుకుని కూచున్నాడు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి వచ్చిన పెద్దాయన. ట్రంకుపెట్టెలో లాంతరు, మాత్రలు, బైబిలు, రొట్టెలు. ఊరివాళ్లు ఆ పెట్టెను చూసి పడవ అని ఎగతాళి చేసేవాళ్లు. మరి ఎత్తు మీద బడి ఉంది, అక్కడికి పోవచ్చు కదా అని అడిగాను.

"ఒక్కణ్నే యాడికి పోదునప్పా," అన్నాడు. "కట్ట నిలబడితే ఊరంతా నగుతాది. తెగితే నేనొక్కణ్నే మిగుల్తా. రెండూ నావల్ల గాదు."

మాకు బస మునెమ్మ అనే ఆమె పట్టుపురుగుల ఇంట్లో ఇచ్చారు. పొడుగాటి రేకుల ఇల్లు. పురుగులు లేవు. గూళ్లు కట్టించే వెదురు తట్టలు మూలన పేర్చి ఉన్నాయి, వాటి నిండా బూజు. నాలుగేళ్ల కిందట బావి ఎండింది, మల్బరీ ఎండింది, ఆమె భర్త బెంగళూరుకు సిమెంటు పనికి వెళ్లిపోయాడు. మేం దిగిన సాయంత్రమే ఆమె చీపురు పట్టుకుని వచ్చింది. మా పక్కలు వేసే చోటు వదిలేసి ఆ తట్టలకు బూజు దులపడం మొదలుపెట్టింది.

"మీరుండేది ఎన్నాళ్లప్పా? బిరీన పోతే మంచిది. ఇంట్లో సున్నం కొట్టల్ల."

"పురుగులు తెస్తావా అమ్మా?"

"సెరువు నిండింది గదా. బాయిలోకి ఊట వస్తాది. పండక్కి మల్బరీ నాటేస్తాము. ఆయనకు కబురు పంపినా, మూట కట్టుకుని వచ్చేయమని."

మా బావి ఎండిన ఏడే నేను పటాలంలో చేరాను. మా చెరువు నిండి ఉంటే నేను ఈ యూనిఫాం వేసుకునేవాణ్ని కాదు. అది ఆమెకు చెప్పలేదు. మా పదిమందికీ చెప్పలేదు.

రెండు రోజులు వానలో గోనెసంచులకు ఇసుక నింపాం. ఊరివాళ్లూ చేయి వేశారు, సరదాగానే. కట్ట ఎక్కడ జారినా అందుబాటులో ఉండాలని బస్తాలన్నీ మొరవ పక్కన పేర్చాం. మూడో రోజు పొద్దున కెప్టెనూ నేనూ గస్తీకి వెళ్లాం. బస్తాలు లేవు.

దొంగతనాలు జరుగుతాయని హెచ్చరించిన కెప్టెన్ కూడా ఇసుకను ఎత్తుకుపోతారని అనుకోలేదు. సెంట్రీ పనిముట్లకు కాపలా ఉన్నాడు. బస్తాలు ఎంతో దూరం పోలేదు. మొరవ గట్టు మీద వరసగా రాళ్లు నిలబెట్టి ఉంటాయి. నీళ్లు ఇంకాస్త నిలుపుకోవాలంటే రైతులు ఆ రాళ్ల సందుల్లో మట్టి, గడ్డి కుక్కుతారు. మా ఊళ్లోనూ కుక్కేవాళ్లు. ఈసారి వీళ్లకు మట్టితో పని లేకపోయింది. రాళ్ల మధ్య మా బస్తాలు, వాటి మీద ఇంకో వరస, దాని మీద ఇంకోటి. మొరవ పోవడం ఆగిపోయింది. చెరువులో నీళ్లు మోకాలి ఎత్తు పెరిగాయి.

రెడ్డెప్ప ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "సూడప్పా, ఎంత బాగా కుదిరినాయో. మీ సంచులు శానా గట్టివి. ఇంకో నూరుంటే ఇప్పించు."

కెప్టెన్ ఆ మాట అర్థం కాకపోయినా నీళ్లు చూసి తెల్లబోయాడు. ఇద్దరం తూము దగ్గరికి పరుగెత్తాం. కట్ట బయటివైపు అడుగున ఊట వస్తోంది. అది నిన్నా ఉంది, తేటగా. ఊట తేటగా ఉన్నంతవరకు ఫర్వాలేదు. ఈ పొద్దు ఎర్రగా ఉంది. అంటే లోపల మట్టి కరుగుతోంది.

ఆపరేటర్ సెట్టు తెరిచాడు. "కుప్పం, కుప్పం, ఇది పుంగనూరు. తూము దగ్గర ఎర్ర నీళ్లు. ఓవర్."

"పుంగనూరు, కుప్పం. మొరవ తెంపి మట్టం రెండడుగులు దించండి. వెంటనే. ఓవర్."

ఆ ఉత్తర్వు తెలుగులో చెప్పాల్సింది నేను. చెప్పాను. ఎవరూ అరవలేదు. ఆడవాళ్లు నడిచి వెళ్లి మొరవ మీద, మా బస్తాల మీద, వరసగా కూచున్నారు. మధ్యలో మునెమ్మ. చెంగు తల మీదికి లాక్కుంది. వాన పడుతూనే ఉంది.

రెడ్డెప్ప అడిగాడు. "మా నీళ్లు వంకలోకి ఇడిసి అరవోళ్ల సీమకు పంపిస్తావా అప్పా? ఇల్లు పోతే మళ్లీ కట్టుకుంటాము. నీళ్లు పోతే యాడ తెస్తాము?"

వీళ్లకు భయం లేదని కెప్టెన్ అనుకున్నాడు, ఆపరేటర్ అనుకున్నాడు. వీళ్లది పుట్టినప్పటి నుంచీ భయమే. తట్ట నెత్తిన పెట్టుకుని ఊరు విడిచిపోయే భయం. ఆ భయానికి ఏం చేయాలో నేర్చుకున్నారు: దొరికిన చుక్కను దొరికినట్టు నిలబెట్టుకోవడం. అదే చేశారు, మా బస్తాలతో.

రెడ్డెప్పను తూము దగ్గరికి తీసుకెళ్లాను. ఊట కింద చేయి పెట్టమన్నాను. పెట్టాడు. చేతిలో మిగిలిన ఎర్రమట్టిని వేళ్లతో నలిపి చూశాడు.

"కట్ట తెగితే చుక్క మిగలదు రెడ్డెప్పన్నా. కట్టా మిగలదు, మీ మనవళ్ల కాలానికి కూడా. ఇప్పుడు తీస్తే రెండడుగులే పోతుంది."

"రెండడుగులేనా?"

"రెండడుగులే."

మొరవ దగ్గరికి తిరిగి వచ్చి మొదటి బస్తా తనే లాగాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. మునెమ్మ చివర లేచింది. నా వైపు చూడలేదు.

బస్తాలు తీసేశాం. మట్టం చాలినంత దిగలేదు. మొరవ చివర, రాతి గట్టు ఆగి మట్టి మొదలయ్యే చోట మూరెడు వెడల్పున పిక్కులతో తెంపాం. నీళ్లు దూకాయి. గంట గడిచేసరికి ఆ మూరెడు బండి పట్టేంత అయింది. పదకొండేళ్లు ఎండిన మట్టి, పట్టు లేదు. మేం అనుకున్నది రెండడుగులు, నీళ్లు తమకు కావలసినంత తవ్వుకున్నాయి. తీసిన బస్తాలనే మళ్లీ తెచ్చి అడ్డం వేశాం, నడుముకు తాళ్లు కట్టుకుని వేశాం. ఒక్కొక్కటీ కొట్టుకుపోయింది. సాయంత్రానికి తూము దగ్గర ఊట తేటబడింది. కట్ట నిలబడింది. చెరువులో సగానికి పైగా పోయింది, ఇంకా పోతూనే ఉంది. చీకటి పడేలోగా వాన కూడా వెలిసింది.

"సూసినావా," అన్నాడు రెడ్డెప్ప, కోపంగా కూడా కాదు. "వాన నిలిచిపాయె. కట్ట నిలబడె. మరి యాల తెంపినట్టు?"

తెంపాం కాబట్టే నిలబడిందని నేనంటాను. తెంపకపోయినా నిలబడేదని ఆయనంటాడు. ఇద్దరిలో ఎవరూ రుజువు చూపించలేం. ఆ సాయంత్రం నుంచి ఊళ్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. దేవదానం మాత్రం టీ ఇచ్చి, తాగాక గ్లాసు తీసుకుని పోయాడు. మావాళ్లు చేతులు తుడుచుకుని పేకాటకు కూచున్నారు, పని అయిపోయింది కదా. నేను కట్ట మీద కూచున్నాను. దూరంగా మదనపల్లె బస్సు దీపాలు వేసుకుని పోతోంది. అంత ఒంటరితనం నాకు సరిహద్దులో కూడా తెలియదు.

తర్వాత సెలవులో ఇంటికి వచ్చాను. అడిగినవాళ్లంతా ఒకటే అడిగారు, ఎంతమంది పోయారని. ఎవరూ పోలేదన్నాను. "అయితే ఏం కాలేదన్నమాట," అన్నారు. రిటైరయ్యాక మదనపల్లెలో స్థిరపడ్డాను. అప్పుడప్పుడు బళ్లలో విపత్తుల గురించి మాట్లాడమంటారు. టార్చి, తాడు, మందుల పెట్టె గురించి చెబుతాను, పిల్లలు రాసుకుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క ఆపదకు సిద్ధపడి ఉంటారని, వచ్చేది అదే కానక్కర్లేదని కూడా చెబుతాను. అది రాసుకోరు. చివరి రోజు ఉదయం సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు.

ఎనిమిదికి బయలుదేరమని కుప్పం నుంచి ఉత్తర్వు వచ్చింది. మట్టిరోడ్డు, మొరవ నీళ్లు పారే వంక పక్కనే పోతుంది. ఆకాశం కడిగినట్టుంది, ఎండ కాస్తోంది. వంకలో చెరువు నీళ్లు ఎర్రగా, జోరుగా పోతున్నాయి. గట్టు పొడుగునా ఊరి ఆడవాళ్లు, ఎవరి రేవులో వాళ్లు. ఇత్తడి బిందెలు, సత్తు తపేలాలు, కాగులు, పెయింటు డబ్బాలు. వెళ్లిపోతున్న నీళ్లను ముంచి ముంచి నింపుకుంటున్నారు. ఎవరూ చెప్పకుండానే డ్రైవర్ బండి ఆపాడు. మా తాగే నీళ్ల కేను దించి, ఒక ముసలామె తపేలాలో వంచాడు. కెప్టెన్ వాచీ చూసుకున్నాడు.

నేనూ దిగాను. కాస్త ఎగువన మునెమ్మ. పక్కన రెండు బిందెలు, రెండూ నిండుగా.

"ఆయన వచ్చినాడా అమ్మా?"

"రావద్దని కబురు పంపినా. ఇంటికి తాళమేసి నేనే పోతా, ఆయన దగ్గరికి."

"మరి ఈ నీళ్లు?"

"పొయ్యేదాకా తాగల్ల గదా."

తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. నెత్తి మీద గుడ్డ చుట్ట సర్దుకుంది. "ఎత్తప్పా," అంది, బావి దగ్గర దారిన పోయేవాళ్లను ఎవరైనా అడిగినట్టే. బిందె ఎత్తి ఆమె తల మీద పెట్టాను. బరువు కుదురుకునే దాకా పట్టుకున్నాను.

"ఇంగో బిందె ఉండాది. ఉండప్పా, ఇది దించేసి వస్తా."

నిదానంగా ఊరి వైపు నడిచింది. నేను రెండో బిందె పక్కన నిలబడ్డాను. కెప్టెన్ హారన్ కొట్టించాడు. మళ్లీ కొట్టించాడు. ఆపరేటర్ బండి వెనక నుంచి చేయి చాపాడు, ఎక్కాను.

బండి కదిలాక చూశాను. మునెమ్మ ఖాళీ చేతులతో గబగబా వస్తోంది. బిందె దగ్గరికి వచ్చి నిలబడి చుట్టూ చూసింది. దిగువన ఆడవాళ్లున్నారు. ఎవరో ఒకరు ఎత్తే ఉంటారు. కానీ ఉండమన్నది నన్ను.