ఉడకని గుప్పెడు బియ్యం

మా తెలుగు చర్చిలో కానుక పెట్టె పక్కన ఒక పెద్ద రేకు డబ్బా ఉంటుంది. ఇంట్లో అన్నం వండిన ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టడం, ఆదివారం ఆ మూట తెచ్చి డబ్బాలో పోయడం మా ఆడవాళ్ళ అలవాటు. శ్రీకాకుళం నుంచి కలకత్తా ఓడరేవుకి, ఖిదిర్‌పూర్ డాకుల్లో పనికొచ్చిన మా అమ్మమ్మల నాటిది. మాలో ఎవరికి ఆపద వచ్చినా ముందు ఆ బియ్యమే వాళ్ళింటికి వెళ్తుంది. పంచే బాధ్యత స్త్రీల సమాజానిది, అంటే ఇరవై ఏళ్ళుగా నాదే. నా నోటికి భయపడి ఎవరూ ఆ పనికి పోటీ రాలేదు.

పోయిన చలికాలం చివర్లో మా వీధిలో ఒకాయనకి డాకుల్లో బస్తాలు మీద పడి కాలు విరిగింది. కూలి మనిషి. కట్టుతో మంచం మీద పడ్డాక ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైంది. భార్య నన్ను వదినా అని పిలుస్తుంది. పెద్దకూతురికి పది రోజుల్లో మాధ్యమిక్, అంటే పదో తరగతి పరీక్షలు. బెంగాలీ మీడియం పిల్ల, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఇక్కడ గడవక ఊరెళ్ళిపోతే ఆ చదువు అక్కడితో సరి. నేనే బియ్యం మూట, పప్పు తీసుకెళ్ళి ఇచ్చి, పరీక్షలయ్యేదాకా కదలొద్దని గట్టిగా చెప్పి వచ్చాను.

నాలుగో రోజు పొద్దున ఆ మూట చర్చి గుమ్మంలో కనిపించింది. సగం కూడా తగ్గలేదు. సోమవారం షాలిమార్ స్టేషన్ నుంచి ఊరికి రైలు టికెట్లు తీశారని పక్కింటావిడ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పేదరికంలో కూడా ఇంత పొగరా అనుకున్నాను. అనుకోవడమేమిటి, దారి పొడుగునా పైకే అంటూ వెళ్ళాను.

ఇల్లంటే ఒకే గది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిల్ల నేలమీద లెక్కల పుస్తకం పరుచుకుని, మూరీ తింటోంది. ఉత్త మరమరాలు, అందులో పచ్చిమిరపకాయ.

"దేవుడి పేరు మీద ఇచ్చిన బియ్యం గుమ్మంలో పడేసి వస్తారా?" అన్నాను.

తల్లి తల దించుకుంది. "ఒద్దొదినా, మావు ఎల్లిపోతన్నాం కదా."

పిల్ల తలెత్తింది. "ఆ బియ్యం ఉడకనేదత్తా. సగం జావ, సగం రాయి. అమ్మ రెండు పూటలు దగ్గరుండి ఉడికించింది. ఉన్న గ్యాసు కాస్తా అయిపోనాది."

"నోరుముయ్యే గుంటా," అంది తల్లి.

నాకు తల కొట్టేసినట్టయింది. మా డబ్బాలో పడేవి ఒక రకం బియ్యమా? పాత కుటుంబాలవి ఉప్పుడు బియ్యం, కొందరివి రేషన్‌వి, కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళవి సన్న బియ్యం. అన్నీ కలిపి మూట కట్టి ఇస్తున్నాను. ఒకటి ఉడికేసరికి ఇంకొకటి ముద్దయిపోతుందని వంట చేసే ఏ ఆడదానికైనా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ మూటలోది నేనెప్పుడూ వండలేదు, ఒక్క మెతుకు నోట్లో పెట్టుకోలేదు. వాళ్ళని ఊరు విడిచిపోయేలా నా సాయమే తోసిందంటే ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

ఆ ఆదివారం చర్చిలో ప్రేమవిందు. వంట వంతు నాది. ఎవరికీ చెప్పకుండా డబ్బాలో బియ్యమే డేగిశా నిండా వండాను. కోడికూర మాత్రం బాగా చేశాను, పాపం.

పాస్టరుగారు మొదటి ముద్ద చాలాసేపు నమిలారు. తెలంగాణ నుంచి ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది. "ఇదేంది ఆంటీ, సగం ఉడికింది, సగం ఉడకలే?"

"మనం ఆపదలో ఉన్నవాళ్ళకి పెట్టే అన్నం ఇదే," అన్నాను. "ఇన్నాళ్ళూ తినమని ఇచ్చాను. ఇవాళ మనమూ తిందాం."

మూలన కూర్చున్న ముసలావిడ నెమ్మదిగా అంది. "మా ఆయన పోయినప్పుడు నాకూ ఇచ్చినారు. నూక పట్టించి అంబలి కాసుకున్నాం. ఊరికినే ఇచ్చినదానికి ఏటని సెప్తాం?"

నా కళ్ళు నిండాయి. కోపం కూడా వచ్చింది, ఈసారి నామీదే. తలుపు దగ్గర, అందరికీ చెప్పి వెళ్ళడానికి వచ్చిన ఆ పిల్ల తల్లి విస్తరి పట్టుకుని నిలబడి ఉంది. పాస్టరుగారు పళ్ళ సందున గింజ తీసుకుంటుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. భర్త కాలు విరిగాక ఆమె నవ్వడం నేను చూడలేదు.

భోజనాలు కాగానే రకానికొక డబ్బా పెట్టాలని తీర్మానించారు. నేను అంతవరకు ఆగలేదు. మా ఇంట్లో ఉన్న రెండో సిలిండర్ రిక్షాలో వేయించుకుని వాళ్ళ గదిలో దింపాను. ఆమె వద్దనలేదు, ఉంటామని కూడా అనలేదు. అడగడానికి మొదటిసారి నాకు నోరు రాలేదు.

సోమవారం రైలు వేళ దాటేదాకా ఇంట్లో కుదురుగా ఉండలేకపోయాను. దాటాక వెళ్ళి చూస్తే గది తలుపు తీసే ఉంది. లోపల కుక్కర్ కూత వేస్తోంది. పిల్ల తల ఎత్తకుండానే, "అత్తా, గట్టిగా మాటాడకు, లెక్క తప్పిపోతాది," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. తల్లి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కాస్త తటపటాయించి, నా మొహంలోకి చూసి అంది.

"వొదినా, ఈసారి కందిపప్పు పంపించు. మసూర్‌పప్పు మా ఆయన ముట్టడు."

ఇరవై ఏళ్ళలో మా సమాజాన్ని అలా అడిగిన మొదటి మనిషి ఆమె. "ఇది చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టిందా నీకు?" అని గట్టిగానే అరిచి, పప్పు కొనడానికి పరుగెత్తాను.