సిక్‌ల ఉన్న

ధర్మపురి పోవాల్సిన రోజు పొద్దున లేచేసరికి ఒళ్లు కాలిపోతోంది. గుటక వేస్తే గొంతు మండుతోంది. నడుము, మోకాళ్లు, వేళ్ల కణుపులు, ఎక్కడ పట్టుకుంటే అక్కడ నొప్పి. మా ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "గీ జ్వరంతోటి ఏడికి పోతవ్? రానని ఫోన్ చేసి చెప్పు" అని, చాయ్ పెట్టుకోవడానికి వంటింట్లోకి పోయాడు. ఆయనకు అది అంత తేలిక. నేను మాత్రం మంచం మీద కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని, దాని వంకే చూస్తున్నాను.

ఫోన్ చేయాల్సింది నా స్నేహితురాలికి. చిన్నప్పుడు బొగ్గు బావుల కాలనీలో మా క్వార్టర్‌కూ వాళ్ల క్వార్టర్‌కూ మధ్య ఒకటే గోడ. నేను ఇటు నుంచి గరిటెతో కొడితే తను అటు నుంచి గరిటెతో జవాబిచ్చేది. ఇప్పుడు తను మంచిర్యాలలో ఉంటుంది. నేను కరీంనగర్‌లో బ్లౌజులు కుట్టుకుంటున్నాను. కిందటి ఎండాకాలం తనకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లని ఇక్కడే ఆపరేషన్ అయింది. కోడలికి నెలలు నిండాయి, మొగుడికి డ్యూటీ. షాపు మూసుకుని దవాఖానలో తన పక్కన ఉన్నది నేనే. లోపలికి తీసుకుపోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "నేను మంచిగ బయటికస్తే ఇద్దరం ధర్మపురి పోయి గంగల మునుగుదామే. నువ్వు రాకుంటే నా మొక్కు తీరనట్టే" అంది. గంగ అంటే మాకు గోదావరే. సరే అన్నాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నామో, అన్నిసార్లూ తనే వాయిదా వేసింది. ఒకసారి కాళ్లు వాచాయంది, ఒకసారి కడుపులో పట్టేసినట్టుందంది. అవి నిజమా కాదా అని నాకు అనుమానమే రాలేదు. "పండుకోవే, మల్ల పోదాం" అన్నాను ప్రతిసారీ. ఈసారి ఆ ఒక్క మాట తన నోటి నుంచి వినాలని ఉంది నాకు. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. కానీ అంటుందన్న నమ్మకం లేక, వేలు తన పేరు దాకా పోయి ఆగిపోతోంది.

ఆ అపనమ్మకం ఎందుకో కాలనీలో పెరిగినవాళ్లకైతే చెప్పక్కర్లేదు. మా దగ్గర ఎవరికైనా జ్వరమొస్తే జ్వరమొచ్చిందనేవాళ్లు కాదు, "సిక్‌ల ఉన్నడు" అనేవాళ్లు. జబ్బుకూ అదే మాట, జబ్బు పేరు చెప్పి పెట్టే సెలవుకూ అదే మాట. మరదలి పెండ్లుంటే సిక్. జాతరుంటే సిక్. వానలు పడి ఊళ్లో నాట్లు మొదలైతే సగం కాలనీ సిక్. చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుని దవాఖానకు పోతే ఒళ్లు కాలుతుందని ఒక ఉపాయం చెప్పుకునేవాళ్లు. నిజంగా కాలుతుందో లేదో నాకు తెలియదు గానీ, ఆ మాటకు నవ్వని ఇల్లు లేదు. నా స్నేహితురాలి నాన్నకు, తన బాపుకు, లక్షెట్టిపేట దిక్కు కొంచెం పొలం ఉండేది. ఏటా వానల్లో సిక్ చేసి పోయి, గోళ్లలో బురదతో తిరిగొచ్చి, ఉల్లిగడ్డ కథలు చెప్పి అందర్నీ నవ్వించేవాడు. తప్పని ఎవరూ అనేవాళ్లు కాదు. భూమి లోపలికి దిగి బొగ్గు తవ్వేవాడు నాలుగు రోజులు ఎండ చూసొస్తే ఎవరికి కడుపుమంట? కానీ అంత నవ్వులాటలో నిజంగా జబ్బుపడ్డవాడి మాట నమ్మేవాళ్లు లేకుండా పోయారు.

మా బాపుకు భూమి లేదు, పోవడానికి ఒక ఊరంటూ లేదు. ఒక వానాకాలం ఆయనకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం. అమ్మను అవ్వ అనేవాళ్లం; అవ్వ పోరు పడలేక సిక్ చేసి వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నాడు. పక్కింటాయన, అంటే నా స్నేహితురాలి బాపు, వాకిలి గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏమోయ్, నీకు నాట్లు లేకపాయె, కోతలు లేకపాయె. ఏ పెండ్లికని సిక్ చేసినవ్? ఉల్లిగడ్డ జర పెద్దదే పెట్టినట్టున్నవ్!" అన్నాడు. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లంతా నవ్వారు. బాపు కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు. తెల్లారి లేచి టోపీ పెట్టుకుని డ్యూటీకి పోయాడు. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. అవ్వ ఎంత మొత్తుకున్నా, "నలుగురు నవ్వుతరు, ఊకో" అనేవాడు. పెద్ద దవాఖానకు మోసుకుపోయిన నాటికి ఊపిరితిత్తుల్లో మిగిలిందేం లేదన్నారు. పక్కింటాయనే చంపాడని నేను ఎన్నడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ ఉల్లిగడ్డ మాటకు మళ్లీ నవ్వింది లేదు. అది నా స్నేహితురాలికి తెలుసు. బాపు పోయిన రోజు నా భుజం పట్టుకుని నాకంటే గట్టిగా ఏడ్చింది తనే.

చివరికి గొంతు లేవక వాట్సాప్‌లో రాశాను: "సిక్‌ల ఉన్ననే. మల్లొక రోజు పోదామా?" తనతో మాట్లాడేటప్పుడు నాకు ఆ భాషే వస్తుంది, వేరే మాట తట్టలేదు.

జవాబు వాయిస్ మెసేజ్‌లో వచ్చింది. ముందు నవ్వు, ఆ తర్వాత మాట. "ఓ పిల్లా! సక్కగ ఇయ్యాల్నే సిక్ అయినవా? చంకల ఉల్లిగడ్డ గిట్ట పెట్టుకున్నవా ఏంది? నేను బస్‌ల కూసున్న. నాటకాలు బంద్ చేసి జల్ది రా!"

మళ్లీ పెట్టుకుని విన్నాను. పరాచికమేనని తెలుసు. తెలిసినా ఒళ్లు మండింది, జ్వరం మంట దాని ముందు తక్కువే. ఎవరితోనైనా అను, నాతో అంటావా? ఎన్ని రాత్రులు దవాఖానలో నీ సెలైన్ బుడ్డి చూస్తూ కూర్చున్నాను నేను! నీ నొప్పి నొప్పి, నా నొప్పి నాటకమా?

లేచి చీర మార్చుకుంటుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "పిచ్చి గిన లేసిందా? ఆమె నవ్వితే నవ్వనియ్, నీదేం పాయె?" అన్నాడు.

నాదేం పోయింది? మా బాపు పోయాడు. గోలీ వేసుకుని, శాలువా కప్పుకుని బస్టాండుకు పోయాను. పోవద్దని ఒళ్లంతా చెబుతూనే ఉంది. నాటకం కాదని తనకు చూపించాలన్న పంతం ఒక్కటే నన్ను బస్సెక్కించింది.

జగిత్యాల దాటాక వాంతి అయింది. ముందు సీట్లోని ముసలమ్మ కిటికీ పక్కన చోటిచ్చి, తన సీసాలో నీళ్లు తాగించి, ధర్మపురి దాకా నా వీపు రాస్తూ కూర్చుంది. నేనెవరో ఆమెకు తెలియదు. నిజంగా జ్వరమేనా అని అడగలేదు.

బస్టాండులో నా స్నేహితురాలు కొబ్బరికాయలు, పసుపు కుంకుమల సంచీతో నిలబడి ఉంది. దూరం నుంచే, "అచ్చినవా దొంగా!" అని నవ్వుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోగానే నవ్వు ఆగిపోయింది. నుదురు ముట్టుకుంది, మెడ ముట్టుకుంది.

"అయ్యో, నిజంగనే జ్వరమున్నదే!"

ఈ ‘నిజంగనే’ కోసమే ఇంత దూరం వచ్చాను. వచ్చాక అది ఎంత చేదుగా ఉందో చెప్పలేను. ముట్టుకుంటే తప్ప నమ్మలేదన్నమాట. నేను ఏదో అనబోయేలోపే తను కోప్పడింది. "గింత జ్వరంతోటి నిన్ను ఎవలు రమ్మన్నరే? ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా!"

తన మొహంలోకి చూశాను. అబద్ధం ఆడటం లేదు. నేను చెప్పానన్న సంగతే తనకు తెలియదు. నేను రాసింది తనకు చెప్పినట్టు కాదు. మా కాలనీలో ఆ మాటకు ఉన్న విలువ అంతే. బాపు సిక్ అన్నది కూడా గోడ అవతలికి ఇట్లాగే వినపడి ఉంటుంది.

"సరే తియ్. నువ్వు మునుగకు, గట్టు మీద కూసో. నేను మునిగస్త. మొక్కు మొక్కే గద" అంది, సంచీ సర్దుకుంటూ.

అటు పక్క కరీంనగర్ బస్సు బయల్దేరుతోంది. చెయ్యి విడిపించుకుని పోయి ఎక్కాను. తను కిటికీ దాకా ఉరికి వచ్చింది. "ఏమైందే? ఇట్ల పోతే నా మొక్కెట్ల తీరుతదే?"

"సిక్‌ల ఉన్న" అన్నాను.

ఈసారి తను నవ్వలేదు.