టన్నుకు ఎంత

మార్చి 14, ఉదయం 6 గంటల 10 నిమిషాలు. ఉక్కు కర్మాగారంలో బొగ్గుపులుసు వాయువు లెక్కలు చూసే గుమాస్తా, అలవాటు ప్రకారం, కరెంటు ఆదా కోసం ఫ్యాను ఆపి పెన్సిలు చెక్కుకున్నాడు. టన్ను ఉక్కుకు రెండు టన్నుల వాయువు దాటితే ఆ సాయంత్రమే ఫర్నేసు మూసేస్తారు. దానిమీద పనిచేసేది అతని బావ.

"బావా, ఇవాళ తనిఖీ ఉంది, లెక్క రెండు దాటేలా ఉంది. ఒక్కరోజు ఉక్కు పోయకు. పొగ తగ్గుతుంది."

"పోయకపోయినా ఫర్నేసు చల్లారనివ్వకూడదు కదా బామ్మర్దీ. బొగ్గు మండుతూనే ఉంటుంది."

"సగమైనా తగ్గుతుందిగా."

బావ పోత ఆపాడు. సాయంత్రానికి పొగ నిజంగానే సగమైంది. గుమాస్తా దానిని ఆనాటి ఉక్కుతో భాగించబోతే క్యాలిక్యులేటర్ మొరాయించింది. కాగితం మీద మూడుసార్లు ప్రయత్నించాడు. ఉక్కు సున్నా.

తనిఖీ అధికారి లెక్కల పుస్తకంలో 'టన్నుకు ఎంత' అన్న ఖాళీ గడిని చాలాసేపు పరీక్షించాడు. "అంకె లేనప్పుడు పరిమితి దాటిందని ఎలా రాస్తానండీ? ఇలాగే నడుపుకోండి."

ఆ రోజు వెలువడిన వాయువు 1,140 టన్నులు.