డబ్బా మీద మూడు అక్షరాలు

మా బడి మాస్టారికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గానీ, చెప్పడానికి పుస్తకం లేదు. పెదబయలు కొండలకు మోటారు రాని ఆ రోజుల్లో పుస్తకాలు ఎవరు మోసుకొస్తారు? అందుకే ప్రతి సంతరోజూ పలక మీద మూడు అక్షరాలు రాసి, ఆ మూడూ ఉన్న మాటను సంతలో వెతికి తెమ్మనేవారు. ఎవరు ఏది తెచ్చినా ఒకటే అనేవారు: "ఇంకోటుంటాది, సూడు."

ఆ వారం ఓ, ఐ, ఎల్ రాశారు. మాటను రాసుకొస్తే చాలని నాకు తట్టలేదు. మా కొండల్లో తెమ్మంటే తేవడమే. షావుకారుని బతిమాలి, ఆ మూడక్షరాలూ ఉన్న చిల్లుపడ్డ కిరసనాయిలు డబ్బా నెత్తిన పెట్టుకుని కొండెక్కాను. పిల్లలు పగలబడి నవ్వారు. మాస్టారు మాత్రం డబ్బా దించి, కండువాతో తుడిచి, బల్ల మీద నిలబెట్టారు.

"ఈ గుంట మనకి పుస్తకం తెచ్చింది" అన్నారు నన్ను చూపించి.

మర్నాడు నాన్న, నన్ను బడి మాన్పించి పసుపు చేనుకు తీసుకుపోదామని వచ్చాడు. మాస్టారు వాదించలేదు. నన్ను పిలిచి డబ్బా చదవమన్నారు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి "ఆయిల్" అన్నాను. నాన్న చాలాసేపు ఆ డబ్బానే చూసి, ఒక్కడే వెళ్లిపోయాడు.

మళ్లీ సంతనాడు నాన్న బడి ముందు ఆగి, పంచె మడతలోంచి సబ్బుపెట్టె మూత తీశాడు.

"బాబూ, ఆ డబ్బా మీది గీతలు మూడూ దీని మీదా ఉన్నాయి, వరస మారి. అవునా?"

మాస్టారు మూతను వెలుగులోకి పట్టి చూశారు.

"అవును. ఇంకోటుంటాది, సూడు."