రాణి నీళ్ల గిన్నె

జోజమ్మ ఒకరి చేత మాట పడే మనిషి కాదు. తిరువూరు చుట్టుపక్కల మిరప చేలల్లో కూలీల ముఠాని నడిపిన గొంతు ఆమెది. ఆమెకి షుగరు ఉంది. ఈమధ్య ఆమె కుక్క రాణికీ అదే జబ్బని తేలింది. అది కుండెడు నీళ్లు తాగుతూ, పడుకున్నచోటే ఉచ్చ పోస్తుంటే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన రక్తం పరీక్ష చేయించి, పూటపూటా ఇన్సులిన్ సూది వేయమన్నాడు.

"తాగడం వల్ల పోస్తోందనుకోకండమ్మా. షుగరుతో ఒంట్లో నీళ్లన్నీ పోతున్నాయి కాబట్టే దానికంత దాహం. నీళ్లు ఆపారో, ప్రాణం మీదికొస్తుంది."

అప్పట్నుంచి తిండి వేళకి ఒకే అరుగు మీద ఇద్దరికీ సూదులు. వీధి వీధంతా నవ్వింది.

"నవ్వుకోండి. నొప్పి మాది, మీకేంటి?" అంది జోజమ్మ.

అక్టోబరు వచ్చింది. జపమాల కోసం ఇంటింటికీ తిరిగే మరియమాత స్వరూపం ఆ సాయంత్రం జోజమ్మ ఇంటికి రావాలి. ఏర్పాట్లు చూడడానికి చర్చి ఉపదేశి శౌరయ్య ముందే వచ్చాడు. పరిచిన చాప అప్పటికే తడిసి ఉంది. ఆయన రాణి నీళ్ల గిన్నె ఎత్తి బయట కుమ్మరించాడు.

"జపం అయ్యేదాకా దీనికి నీళ్లు పెట్టమాక. బయట కట్టెయ్. మాతమ్మ వచ్చే ఇంట్లో ఈ కంపేంటి?"

జోజమ్మ ఆయన చేతిలోంచి గిన్నె లాక్కుంది. నిండా నీళ్లు పోసి, మాత కోసం వేసిన పీట పక్కనే పెట్టింది. రాణి గటగటా తాగింది.

"ఆ తల్లి పశువుల పాకలో పురుడు పోసుకుంది ఉపదేశిగారూ. ఆ పాకని ఫినాయిలు పోసి ఎవరు కడిగారో చెప్పండి, అప్పుడు కట్టేస్తా నా కుక్కని!"