రంగుల పెట్టె, వెలగని బల్బు

కరోనా తగ్గాక వచ్చిన రెండో వేసవిలో, పదవీ విరమణకు కొద్ది నెలల ముందు, మా కంప్యూటర్ కంపెనీ నరసరావుపేట బ్రాంచి నన్ను గురజాల పంపింది. హోదాకు సీనియర్ సర్వీస్ ఇంజినీరునే గాని, సంచీ మోసేదీ నేనే, స్క్రూలు తిప్పేదీ నేనే. ఒక ఫొటో స్టూడియోలో రంగు లైట్ల క్యాబినెట్‌లో డెస్క్‌టాప్ బిగించాలి. యజమాని ఎదుట నడిపి చూపించి, ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద సంతకం తీసుకోవాలి.

స్టూడియో సువార్తది, వాళ్లింటి ముందుగదిలోనే. భర్త పోయాక ఆయన కెమెరా తను అందుకుని పెళ్లిళ్లు తీస్తోంది. ఎదురు వరసలో కొత్తగా తెరిచిన స్టూడియోలో కంప్యూటర్ అద్దాల పెట్టె రంగులు మారుతుంటే జనం అటే పోతున్నారని, తనకూ అలాంటిదే కావాలంది. నాకు ఆ లైట్లంటే ఒళ్లు మంట. వాటికి కరెంటు నేరుగా పవర్ సప్లై నుంచి అందుతుంది, లోపల కంప్యూటర్ మొరాయించినా అవి మాత్రం ధగధగలాడుతూనే ఉంటాయి. పైన పటారం, లోన లొటారం. అయినా కొనేవాళ్ల ముచ్చట మనకెందుకు? మదర్‌బోర్డును ముందు అట్టపెట్టె మీదే ఉంచి, ప్రాసెసరూ ర్యామూ అమర్చి, తెర మీద బొమ్మ వచ్చాకే క్యాబినెట్‌లోకి దించాను. పెద్ద పెద్ద ఫైళ్లు కాపీ చేసి చూశాను. ఎక్కడా తడబడలేదు. సంతకం తీసుకుని బస్సెక్కాను.

మరునాడే ఫోన్. కెమెరా కార్డు పెట్టగానే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతోందట. ఒక పెళ్లి ఫొటోలున్న కార్డు అలా మధ్యలోనే దెబ్బతిని, ఫార్మాట్ చేయమని అడుగుతోందట. బస్సులో నాకు కుదురు లేదు. కంప్యూటర్ పోతే ఇంకోటి బిగిస్తాం, పెళ్లి మళ్లీ చేయించలేం కదా.

నేను వెళ్లేసరికి పెళ్లికూతురి తండ్రి కోటయ్య ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. ఆల్బమ్‌కు ఫొటోలు ఏరుకోవడానికి వచ్చాడు. తాళి కట్టే ఫొటోలున్న రెండో కార్డు ఇంకా సువార్త గుప్పిట్లోనే ఉంది.

"లైట్లన్నీ బెమ్మాండంగా ఎలుగుతున్నయి గదా, ఇంకా ఆలస్యం ఏంది?" అన్నాడు కోటయ్య.

నా పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. చక్కగా కాపీ అయింది. తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ అయింది. అదే పెన్‌డ్రైవ్ సువార్తకిచ్చి పెట్టమన్నాను. ఆమె చెయ్యి క్యాబినెట్‌కు తగిలిందో లేదో, తెర నల్లబడింది. రంగులు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

కోటయ్య లేచాడు. "హస్తవాసి అని ఊరకే అన్లా పెద్దోళ్లు. మొగుడు పోయిన మనిషి చేత శుభకార్యం తీయించటం నాదే బుద్ధితక్కువ. ఆ కార్డు ఇటియ్యి, ఎదరషాపులో చూపించుకుంటా."

సువార్త గుప్పిట ఇంకా బిగించింది. నాకు ఒళ్లు మండిపోయింది. ర్యామ్ మార్చాను. పవర్ సప్లై మార్చాను. కాలుగాలిన పిల్లిలా వీధిగుమ్మం దాకా తిరిగి వచ్చాను. నేను పెడితే నడుస్తుంది, ఆమె పెడితే పడిపోతుంది. ఆ గుమ్మం దగ్గరే ఆమె చెప్పులు కనిపించాయి.

వాళ్లింట్లో చెప్పులు బయటే విడుస్తారు. నేల నాపరాయి, అప్పుడే తడిగుడ్డ పెట్టారు. నేను మాత్రం మా కంపెనీ నియమం ప్రకారం రబ్బరు అడుగు బూట్లు విప్పలేదు.

"పెట్టె ముట్టుకుంటే ఏమన్నా అనిపిస్తోందా అమ్మా?" అని అడిగాను.

"జివ్వుమంటది సార్. కొత్తది గదా, అట్టాగే ఉంటదేమోననుకున్నా."

బూట్లు విప్పి తడి నేల మీద నిలబడి, వేళ్ల వెనకభాగం క్యాబినెట్‌కు ఆనించాను. జివ్వుమంది. కంప్యూటర్ ప్లగ్గు తీసేసి, సంచీలోంచి టెస్ట్ ల్యాంపు తీశాను. అది హోల్డర్లో మామూలు బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. సాకెట్‌లో ఫేజుకూ న్యూట్రల్‌కూ పెడితే వెలిగింది. ఫేజుకూ ఎర్తుకూ పెడితే పిసరంత కూడా వెలగలేదు. పవర్ సప్లైలోంచి ఎప్పుడూ కొద్దిగా పెట్టె మీదికి చేరే కరెంటు ఎర్తు వైరు గుండా భూమిలోకి పోవాలి. ఆ దారి మూసుకుపోయి, ఆమె ఉత్త కాళ్ల గుండా పోతోంది. ఆ కుదుపుకే కంప్యూటర్ ఆగుతోంది.

ఎర్తు పైపు ఎక్కడని అడిగితే, పెరటి వసారాలో నాపరాళ్ల కింద ఉందన్నాడు, లోపలి నుంచి వచ్చిన ఆమె మామగారు దేవదానం. రాతి నేల మనది. బొగ్గూ ఉప్పూ వేసిన ఆ గుంతలో ఎండాకాలం నీళ్లు పోస్తుండకపోతే ఎర్తు చచ్చిపోతుంది. నిరుడు వసారాలో రాళ్లు పరిపించినప్పటి నుంచి అందులో చుక్క పడలేదు. తన చేత్తో ఏరి తెచ్చిన రాళ్లు, పగలగొట్టొద్దన్నాడు ముసలాయన.

"రాయి పగిల్తే ఇంకోటి ఏసుకుంటాం మామా. పేరు పోతే ఏడ తెచ్చుకుంటాం?" అంటూ పలుగు తనే అందుకుంది సువార్త.

గుంత బిందెల మీద బిందెలు తాగింది. మళ్లీ టెస్ట్ ల్యాంపు పెట్టాను. మొదట ఎర్రగా మిణుకుమంది. ఇంకో బిందె పోశాక నిండుగా వెలిగింది.

కంప్యూటర్ ఆన్ చేసి పెన్‌డ్రైవ్ ఇచ్చాను. సువార్త చెప్పుల వైపు చూసింది. వద్దు, ఉత్త కాళ్లతోనే పెట్టమన్నాను. నడిచింది. అప్పుడు గుప్పిట విప్పి, తడి నేల మీద నిలబడే కార్డు పెట్టింది. తాళి కట్టే ఫొటోలు ఒక్కొక్కటిగా తెర మీదకు దిగాయి.

కోటయ్య కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. పెట్టె అద్దంలోని రంగులు తెర మీద పడి మెరుస్తున్నాయి.

"ఆ లైట్లు కాసేపు ఆపమ్మా," అన్నాడు. "పిల్ల మొకం సరిగ్గా కనపడట్లా."

ఆమె లైట్లు ఆపింది. ఆయన క్షమాపణ చెప్పలేదు, కార్డూ అడగలేదు. దెబ్బతిన్న మొదటి కార్డులోని ఫొటోలను తరువాత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు బయటికి తీశాను.

ఆ తరువాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏ ఇంటికి వెళ్లినా, పెట్టె విప్పకముందే సాకెట్‌లో టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాను. కంప్యూటర్‌ను వాడే మనిషి ఎలా నిలబడతారో అలాగే, బూట్లు విప్పి నిలబడే పరీక్షించాను. ఒకరి చేతిలోనే ఆగిపోయే మిషను ఉంటుంది. ఆ చేతిని తప్పుపట్టేముందు కాళ్ల కింద నేల చూడాలి.