జ్వరం తిరగబెట్టిన రోజు

మా చిన్నప్పుడు... టైఫాయిడ్ తగ్గి, ఇరవై రోజుల తర్వాత నాకు పథ్యం పెట్టారు. పాత బియ్యం అన్నం, బీరకాయ కూర, పల్చటి చారు. ఐదో క్లాసు పిల్లకి అదేం తిండండీ!

మాది మండవల్లి దగ్గర, చేపల చెరువుల మధ్య ఊరు. వంటింట్లో చూస్తే మట్టి దాకలో నిన్నటి చేపల పులుసు... ముక్కకి పులుపు పట్టేది రెండో రోజే కదా. అందరూ కునుకు తీస్తుంటే మూత తీశాను. నిలబడే మూడు ముక్కలు తినేశాను.

సాయంత్రానికి వణుకు. "తిరగబెట్టింది" అంది అమ్మ, నా నుదుటి మీద చెయ్యి తియ్యకుండానే.

మా ఇంట్లో ఆ మాట జ్వరానికి ఒక్కదానికే కాదు. నాన్న మానేసిన చుట్ట, మామ్మ మోకాలి నొప్పి, అమ్మకీ మామ్మకీ సర్దుమణిగిన గొడవ... అన్నీ తిరగబెట్టేవే.

కైకలూరులో డాక్టరుగారు నా నాలిక చూసి, "ఏం పెట్టారమ్మా పిల్లకి?" అని కసిరారు. అమ్మ మామ్మ వైపు చూసింది. మామ్మ నా వైపు చూసింది. దాకలో ముక్కలు తగ్గిన సంగతి ఆవిడకి అప్పటికే తెలుసు. నేను తల దించేసుకున్నాను...

"నేనేనండీ. నోరు చప్పగా ఉందంటే రెండు చేప ముక్కలు పెట్టాను" అంది మామ్మ.

అంతే. అమ్మ ఆవిణ్ణి నా మంచం దగ్గరికి రానివ్వలేదు. "మీ ముద్దు చాలు అత్తయ్యగారూ, ఇక పిల్లని నాకొదిలెయ్యండి." మామ్మ వీధరుగు మీద కూర్చుని నా జావకి నూకలు ఏరేది. గదిలోకి తొంగి కూడా చూసేది కాదు. నేనేమో దెబ్బలకి భయపడి, నిద్రపోతున్నట్టు నటించేదాన్ని.

రెండోసారి పథ్యం రోజు అమ్మ ముద్ద కలిపి నోటిదాకా తెచ్చింది. ముద్ద లోపలికి పోకముందే నిజం బయటికొచ్చేసింది. "నేనే దొంగతనంగా తిన్నానమ్మా... మామ్మ పెట్టలేదు."

అమ్మ కొట్టలేదు. కంచం పట్టుకుని అరుగు మీదకి వెళ్ళింది. "లోపలికి రండి అత్తయ్యగారూ... మీ చేత్తో పెట్టండి."

"బీరకాయేనా? అయితే అది మళ్ళీ దొంగతనం చేస్తుంది" అంది మామ్మ, చేతికంటిన నూకలు చేటలోకి దులుపుకుంటూ. అమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి.

జబ్బు మళ్ళీ వస్తే అనడానికి మాటుంది. బాగున్న రోజులు మళ్ళీ వస్తే ఏమంటారో నాకెవరూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం కళ్ళారా చూశాను, అంతే.

ఇప్పుడు ఏడాదికో ఊరు మారుతున్నాను. జ్వరమొస్తే ఒక మాత్ర, మూడో రోజుకి బిర్యానీ ఆర్డరు. ఏం తిన్నావే అని కసిరేవాళ్ళు లేరు... నా తప్పు తన మీద వేసుకునేవాళ్ళు అసలే లేరు.

మీ కోసం అలా నింద మోసినవాళ్ళుంటే ఇక్కడ రాయండి. వాళ్ళు ఇంకా ఉంటే మాత్రం... ముందు వాళ్ళకి ఫోన్ చేసి, ఆ తర్వాత రాయండి.